దీవికి వెళ్ళే పెట్టె

సొరుగు పక్క చెక్కని బల్లకి బిగించి మేస్త్రీ చిత్రిక పడుతున్నాడు. పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతోంది. పనిముట్ల పెట్టెకి ఇదే ఆఖరి సొరుగు. పెట్టె తోడల్లుడిది. ఆ తోడల్లుడు సముద్రం మధ్య దీవిలో ఒక హోటల్లో పనికి పెళ్ళాంతో సహా వెళ్తున్నాడు. నిజానికి వెళ్ళాల్సింది మేస్త్రీ.

కనీసం మేస్త్రీ లెక్క అది. హోటలు వాళ్ళకి రిపేర్లన్నీ చూసుకునే మనిషి ఒక్కడు కావాలన్న కబురు తెచ్చింది తను. నోరు ఊరుకోక తోడల్లుడి చెవిన వేసిందీ తనే. ఇద్దరితోనూ ఫోన్లో వీడియో పెట్టి మాట్లాడారు. మేస్త్రీ తను చేసిన కుర్చీని తలకిందులు చేసి, అతుకులు చూపించి ఊరుకున్నాడు. తోడల్లుడు పైపుల పనివాడు. ఒక్క పైపు కూడా చూపించలేదు. ఏదో జోకు వేశాడు, అటువైపు వాళ్ళు పగలబడి నవ్వారు. ఉద్యోగం అతనికి ఖాయమైంది.

అప్పట్నుంచీ మేస్త్రీ కడుపులో కుంపటి రాజుకుంది. తోడల్లుడు రోజూ షాపుకొచ్చి మరీ దాన్ని ఎగదోస్తున్నాడు. "అన్నయ్యా, గుమ్మం దాటితే ఇసకేనట!" "అన్నయ్యా, చలన్నదే ఉండదట. స్వెట్టర్లు నీకిచ్చేస్తాలే!"

ఇంట్లో భార్య తక్కువ తినలేదు. "మా చెల్లి అదృష్టమండీ. మరిదిగారికి నోరుంది."

"నాకు లేదా?"

"ఎందుకు లేదు? అన్నం తింటున్నారుగా."

అలాంటిది, తోడల్లుడు పెట్టె చేసిపెట్టమంటే మేస్త్రీ ఠక్కున సరేనన్నాడు. ఎందుకో భార్యకి అంతుబట్టలేదు.

సొరుగులు బిగుతుగా కూర్చోబెట్టడంలో మేస్త్రీకి పేరుంది. ఒకటి మూస్తే లోపలి గాలికి ఇంకోటి ముందుకి రావాలి. ఈ పొడి ఊళ్ళో పనితనమంటే అదే. కానీ దీవిలో ఏడాదంతా వానలే. వెళ్తానన్న ఆశతో అతను అక్కడి వీడియోలు ఒక్కటీ వదలకుండా చూశాడు. బూజు పట్టిన గోడలు, తెరుచుకోని తలుపుని భుజంతో గుద్దుతున్న మనుషులు. ఆ తడికి చెక్క ఉబ్బుతుంది. ఇంత బిగుతు సొరుగు కొన్నాళ్ళకే అతుక్కుపోతుంది.

తోడల్లుడికి ఆ సంగతి తెలీదు. ఇక్కడ అందరూ ఆహా అంటారు. అక్కడ వాడు పెట్టెకి కాలు తన్నిపెట్టి లాగలేక చస్తాడు. అప్పుడు దానికో జోకు చెప్పి తెరిపించుకోమను! పై రెండు సొరుగులూ అలాగే బిగించాడు. చేస్తున్నంతసేపూ ఎక్కడలేని హాయి.

మూడోది కూడా కూర్చోబెట్టి పెట్టెని బోర్లించాడు. ఏ పని చేసినా అడుగున ఉలితో ఒక గుర్తు వేస్తాడు, కాకి కాలు లాంటిది. ఉలి ఆనించి సుత్తి ఎత్తాడు. కొట్టబుద్ధి కాలేదు.

ఆ దీవికి తను ఎలాగూ పోడు. పోయేది ఈ పెట్టె. హోటల్లో ఎవడో సొరుగు లాగుతాడు, రాదు. ఎవడు చేశాడయ్యా దీన్ని అంటాడు. తోడల్లుడి నోరు ఆగుతుందా? "మీరు వద్దన్నారే, ఆ కుర్చీ ఆయనే" అంటాడు. తీసుకోకపోవడమే మంచిదైందని అక్కడ అందరూ నవ్వుకుంటారు.

మేస్త్రీ ఉలి పక్కన పెట్టి పెట్టెని నిలబెట్టాడు. మూడు సొరుగులూ బయటికి లాగి మళ్ళీ చిత్రిక అందుకున్నాడు. తోడల్లుణ్ణి తిట్టుకుంటూనే పక్కలు సన్నం చేశాడు, పై అంచులు తగ్గించాడు. ఇనప స్క్రూలు పీకేసి తుప్పు పట్టని ఇత్తడివి బిగించాడు. అప్పుడు కొట్టాడు గుర్తు.

సాయంత్రం తోడల్లుడూ మరదలూ బండి తీసుకుని వచ్చారు. తోడల్లుడు సొరుగు లాగి ఊపి చూశాడు. లొడలొడలాడింది.

"ఏంటన్నయ్యా, ఇది సొరుగా, డప్పా? నీ చెయ్యేనా ఇది?"

పక్క షాపతను తొంగిచూసి నవ్వాడు. మేస్త్రీ సొరుగుని చూసి ఎవరైనా నవ్వడం అదే మొదలు.

"అక్కడి వానలకి ఉబ్బి సరిపోతుంది. ఊగుతోందని కాగితాలు దూర్చకు."

"నీకెలా తెలుసు? నువ్వేమన్నా వెళ్ళొచ్చావా?"

"వెళ్దామనేగా అంతా చూసింది."

 తోడల్లుడు సొరుగుని మెల్లగా లోపలికి తోశాడు.

"నిలబడ్డావేం? అటు పట్టుకో," అన్నాడు మేస్త్రీ.

ఇద్దరూ కలిసి పెట్టెని బండిలోకి ఎక్కించారు. మేస్త్రీ జేబులోంచి పెట్టె తాళంచెవి తీసి, తోడల్లుడు చాచిన చేతిని దాటించి మరదలికి ఇచ్చాడు.

"నువ్వుంచమ్మా. మీ ఆయన మాటల్లో పడి పారేసుకుంటాడు."