డబ్బాల్లో పెంచిన తెల్లతుమ్మలు

1961 వానాకాలంలో నాంపల్లిలోని ఒక సర్కారీ తోటలో నర్సరీ మాలిగా చేరాను. మాలీల మీద మేస్త్రి, మేస్త్రి మీద సూపరింటెండెంటు, అదీ వరస. మా మేస్త్రి సాయిలు. ఆయనకు ఇక మిగిలింది కొన్నేళ్ల సర్వీసే. దిగిపోయేలోగా ఆబిడ్స్ వైపు వెళ్లే రోడ్డు పక్కన ఒక వరస తెల్లతుమ్మలు నిలబెట్టాలని ఆయన కోరిక. రోడ్లకు గుల్‌మొహర్ వేయడమే అప్పటి వాడుక. అది ఎక్కడి నుంచో వచ్చిన చెట్టు, తుమ్మ మన నేలదని ఆయన వాదన.

తుమ్మ అనగానే అందరికీ నల్లతుమ్మే గుర్తొస్తుంది. నల్లటి పగుళ్ల బెరడు, పసుప్పచ్చ బంతుల్లాంటి పూలు, చెరువు లోపలి శిఖం నేలలో నీళ్లు నిలిచినా బతుకుతుంది. తెల్లతుమ్మ తీరు వేరు. బెరడు పాలిపోయిన బూడిద రంగు. వాన తక్కువైన ఎర్రనేల, మొరం గడ్డ దాని తావు. తల గొడుగులా పరుచుకుంటుంది. వానలు వెనకబట్టే రోజుల్లో కొమ్మల కొసన మీగడ రంగు పూలు గుత్తులుగా విచ్చుకుంటే, చెట్టు మీద నురగ పోసినట్టే ఉంటుంది. ముళ్లు జంటలుగా వస్తాయి. లేతప్పుడు పొడుగు, చెట్టు ముదిరితే తగ్గిపోతాయి.

మా సూపరింటెండెంటు గారు రాష్ట్రం కలిశాక కోస్తా నుంచి వచ్చినవారు. ముళ్ల చెట్టును జనం నడిచే చోట పెడితే తిట్లు తినేది మనమేనన్నారు. మేస్త్రి వదల్లేదు. చివరకు సూపరింటెండెంటు గారే, "సరే మేస్త్రీ, ఒక్క వరసే. తేడా వస్తే మళ్లీ ఈ తుమ్మ ఊసెత్తొద్దు," అన్నారు.

గింజల కోసం ఖైరతాబాద్ అవతల మేకల దొడ్డికి వెళ్లాం. తుమ్మ గింజకు పెంకు గట్టి. మేక కాయ తిని పెంటికలో వదిలిన గింజ తొందరగా మొలుస్తుంది. "సగం పని మేకలే చేస్తయి బిడ్డా, మన జీతం దండుగ," అని మేస్త్రి నవ్వాడు.

బేగం బజార్ నుంచి ఖాళీ నూనె డబ్బాలు తెచ్చి, అడుగున బొక్కలు కొట్టి, మట్టి నింపి గింజలు పెట్టాం. మొదటి వానలకే మొక్కలు నాటేంత అయ్యాయి. కానీ ఆ రోడ్డు మీద కూడా మేకలు తిరిగేవి. వాటి నోటికి అందనంత ఎత్తు కావాలని మేస్త్రి మరో ఏడాది డబ్బాల్లోనే ఉంచాడు. రోజూ నీళ్లు పోశాం. మేస్త్రి వాటిని పిల్లల్లా చూసుకున్నాడు.

నాటాక కొన్నేళ్లు బాగా పెరిగాయి. పూలు కూడా వచ్చాయి. ఒక ఎండాకాలం చివర గాలివాన కొట్టింది. తెల్లారి వెళ్లి చూస్తే వరస మొత్తం ఒరిగిపోయి ఉంది. ఒకటి ఆగి ఉన్న రిక్షా మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

వేర్లు చూశాం. తెల్లతుమ్మ తల్లివేరు నిలువునా లోతుకు పోవాలి. ఇక్కడ అది డబ్బా అడుగున చాంతాడులా చుట్టుకుని, ఆ చుట్టలోనే లావెక్కింది. నేలలో పాతినా కిందికి దిగలేదు. మేస్త్రి మట్టిలో కూర్చుని ఆ చుట్ట మీద చెయ్యి పెట్టాడు.

"మేకకు అందొద్దని ఏడాది ఎక్కువ ఉంచితిని బాలమ్మా. గదే ముంచింది," అన్నాడు నాతో.

సూపరింటెండెంటు గారు వచ్చి చూశారు, కోప్పడలేదు. మేస్త్రే అడిగాడు: "సార్, గీసారి గింజ రోడ్డు మీదనే పెడత. సుట్టు కంప కడత. ఇంకొక్కపారి ఎయ్యనియ్యుండ్రి."

"అది ఎదిగేదాకా కంప చూసుకోవడానికి నువ్వుండాలి కదయ్యా. వచ్చే దసరాకి దిగిపోతున్నావు."

ఆ వానాకాలం గుంతల్లో గుల్‌మొహర్‌లు పెట్టాం. నాటింది మేస్త్రే. తుమ్మ మాట మళ్లీ ఆయన నోట వినలేదు.

తుమ్మ గింజను చెట్టు నిలవాల్సిన చోటే వేయాలి. మేకల భయం ఉంటే మొక్క చుట్టూ కంప కట్టాలి తప్ప డబ్బాలో దాచిపెట్టకూడదు. ఈ సంగతి నాకు ఆ చెట్లు పడ్డాకే తెలిసింది. తర్వాత నేనూ మేస్త్రినయ్యాను. రిటైరయ్యేదాకా తెల్లతుమ్మ వేయమని ఏ ఆఫీసరూ చెప్పలేదు.