ఎండ తగిలిన ఫిల్ము

తెనాలిలో మా వీధి నుంచి స్టేషనుకు వెళ్ళే దారిలో ఒక ఫోటో స్టూడియో ఉండేది. ఇప్పుడు లేదు. లేదని రాయడం నాకు ఎంత హాయిగా ఉందో ముందే చెప్పేస్తున్నాను. ఆ స్టూడియో ఆయన మీద నాకు కోపం పుట్టి చాలా ఏళ్ళయింది. ఈలోగా బీపీ వచ్చింది, మోకాళ్ళ నొప్పులు వచ్చాయి, జ్ఞాపకశక్తి కూడా తగ్గింది. ఆ కోపం మాత్రం తగ్గలేదు. ఇక వదిలేయమని మా ఆయన ఎన్నోసార్లు చెప్పి చూశారు. మిగతా విషయాల్లో ఆయన మాట వింటాను.

మొదటి దెబ్బ నా పెళ్ళప్పుడు తగిలింది. అరవైల చివరి మాట. పెళ్ళయిన మర్నాడు రెండు వైపుల వాళ్ళం కలిసి గ్రూపు ఫోటోకి ఆ స్టూడియోకి వెళ్ళాం. రేపల్లె నుంచి వచ్చిన మా అమ్మ నా పక్కనే నిలబడింది. అమ్మది నలుపు. కళ గల ముఖం, పెద్ద కళ్ళు, ఎర్రరాయి ముక్కుపుడక. స్టూడియో ఆయన లైట్లు సర్దుతూ అమ్మ దగ్గర ఆగి, పౌడరు డబ్బా తెచ్చి, మా మగపెళ్ళివారందరూ చూస్తుండగా ముఖానికి తనే అద్దాడు.

"ఇంకో కోటింగు పడాలండి. లేకపోతే చీరొక్కటే పడుద్ది, మనిషి పడదు" అన్నాడు.

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. అది చాలదన్నట్టు తర్వాత నెగెటివు మీద పెన్సిలుతో గీకి ఇంకాస్త తెలుపు చేశాడు. ఫోటో చేతికి వచ్చాక అమ్మ చాలాసేపు చూసి "ఇదెవరే?" అంది. ఆ ఫోటోని ట్రంకు పెట్టె అడుగున బోర్లా పెట్టేసింది. ఆ తర్వాత ఎవరు కెమెరా తీసినా పని ఉన్నట్టు లోపలికి వెళ్ళిపోయేది.

నేనప్పుడు బాపట్లలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్‌ని. రోజూ రైల్లో వెళ్ళి వచ్చేదాన్ని. మా అక్క మొగుడు మద్రాసులో సినిమాలకి కెమెరా అసిస్టెంటుగా పనిచేసేవాడు. రంగు ఫిల్ము బజార్లో దొరకని రోజులవి. షూటింగులో మిగిలిపోయిన ముక్కల్ని చిన్న డబ్బాల్లోకి చుట్టి మా బావ తెచ్చేవాడు. సినిమా ఫిల్మే అయినా మా ఆయన కెమెరాలో చక్కగా పట్టేది. అది చేతికి రాగానే నేను రేపల్లె బండెక్కాను.

"రంగుల్లో తీస్తానే అమ్మా. పౌడరు ఉండదు" అన్నాను.

"నా రంగు నాకు పడుద్దా?" అంది.

"పడుద్ది."

ఆ పొద్దున తలంటుకుని, బచ్చలిపండు రంగు చీర కట్టుకుని, పెరట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంది. పౌడరు లేదని నాకు చూపించడానికి పమిట చెంగుతో ముఖం ఒకటికి రెండుసార్లు తుడుచుకుంది. ఎప్పుడూ నవ్వుతూ దాక్కునే మనిషి ఆ రోజు కెమెరాని ఎదురుగా చూసింది. రోలంతా అమ్మకే అయిపోయింది.

కడిగించడానికి మద్రాసు పంపుదామంటే బావ అవుట్‌డోరు షూటింగుకి వెళ్ళిపోయాడు, ఎప్పుడొస్తాడో తెలియదు. అమ్మేమో రేపల్లె నుంచి తెనాలి వచ్చే ప్రతివాళ్ళతోనూ ఫోటో వచ్చిందేమో కనుక్కోమని కబురు పెడుతోంది. సరిగ్గా అప్పుడే స్టూడియో ఆయన "ఇచ్చట కలరు ఫిల్ములు కడగబడును" అని బోర్డు పెట్టాడు. నేను మనసు చంపుకుని వెళ్ళాను. ఇది సినిమా ఫిల్మని కూడా చెప్పాను.

"ఫిల్ము ఏదైతే ఏంటమ్మా? అదెంత పని!" అన్నాడు.

మళ్ళీ వెళ్ళేసరికి ఆయన గుడ్డ పెట్టి వేళ్ళు తుడుచుకుంటున్నాడు. వేళ్ళు గోళ్ళ దాకా నల్లగా ఉన్నాయి. నా రోలు బల్ల మీద పడేశాడు. అది ఆ చివర నుంచి ఈ చివరిదాకా నలుపే.

"ఎండ తగిలిందమ్మా. కెమెరా మూత ఎండలో తీసుంటారు. కాలేజీలో పాఠాలు చెప్పినట్టు కాదు కదా ఇది" అన్నాడు. నేను ఫిల్ము అందుకోబోతుంటే, "పారెయ్యకండి. గ్రహణం రోజు సూర్యుణ్ణి చూడ్డానికి పనికొస్తది" అన్నాడు.

ఫోటోల కోసం కూర్చున్న వాళ్ళు పకపకా నవ్వారు. నేను ఎక్కడా మూత తీయలేదని నాకు తెలుసు. అయినా ఆయన అంత ధీమాగా చెప్పేసరికి నా మీద నాకే అనుమానం వచ్చింది. తల దించుకుని ఇంటికొచ్చాను. రేపల్లె వెళ్ళి అమ్మకి ఆ మాటే చెప్పాను.

"పోన్లేవే. నా నలుపు దానికీ అంటుకుందేమో" అంది అమ్మ. నన్ను ఊరుకోబెట్టడానికి నవ్వుతూనే అంది. 

ఆ ఏడాది చలికాలం రాకముందే అమ్మ పోయింది. పెద్దకర్మ రోజు దండ వేయడానికి ఫోటో కావాలంటే, ట్రంకు అడుగున ఉన్న ఆ పౌడరు ఫోటోయే గతి అయింది. అమ్మ ముఖం వరకు పెద్దది చేయించి పెట్టాం. అమ్మతో పాతికేళ్ళు కష్టం సుఖం చెప్పుకున్న పక్కింటి పిన్నిగారు దాని ముందు నిలబడి, "ఇదెవరి ఫోటో పెట్టారే అమ్మాయ్?" అని అడిగింది. ఆ క్షణంలో స్టూడియో ఆయన ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

కర్మకి వచ్చిన బావకి జరిగింది చెప్పుకుని ఏడ్చాను. మళ్ళీ వచ్చినప్పుడు ఆయన ఇంకో ఫిల్ము ముక్క, మందుల పొట్లాలు, కడిగే డబ్బా తెచ్చాడు.

"ఇక ఎవడి గడపా తొక్కక్కర్లేదు మరదలా. నువ్వే కడుక్కో. లాబులో చేసే పనేగా" అన్నాడు.

ఆ ముక్కతో ఇంట్లో నాలుగు ఫోటోలు తీశాక, వంటింటి పక్కన సామాన్ల గది తలుపుకి దుప్పటి కట్టి చీకటి చేశాం. మందులు వేడెక్కకూడదు కాబట్టి కొత్త కుండలో నీళ్ళు చల్లబెట్టాం. సినిమా ఫిల్ముకి వెనకవైపు ఒక మసి పూత ఉంటుంది, ముందు దాన్ని వదిలించాలి అన్నాడు బావ. వెలిగారం (బోరాక్స్) కలిపిన నీళ్ళలో నానబెట్టి, చీకట్లో తడుముకుంటూ తడి దూదితో తుడిచాను. ఆ తర్వాత రంగు మందు, వరసగా మిగతావి. అంతా అయ్యాక దుప్పటి తీసి వెలుతుర్లోకి వచ్చాను. చేతులు చూసుకున్నాను. వేళ్ళు గోళ్ళ దాకా నల్లగా ఉన్నాయి.

స్టూడియో ఆయన గుడ్డతో తుడుచుకున్న వేళ్ళు గుర్తొచ్చాయి. ఎండ తగిలిన ఫిల్ము వేళ్ళకి మసి పూయదు. అంటే ఆ రోజు ఆయన ఫిల్ము మీద పూత ఊడటం చూశాడు, చేతులు తుడుచుకున్నాడు, ఇదేదో తనకి తెలియని సరుకని గ్రహించాడు. తెలియదని ఒప్పుకోవడం నామోషీ అనిపించి, నేరం నా మీదా ఎండ మీదా నెట్టేశాడు. ఆ అబద్ధాన్ని మా అమ్మ తనతో తీసుకుపోయింది.

బీరువాలోంచి పాత రోలు తీశాను. ఒక్క ముక్క మాత్రం కత్తిరించి అలాగే దాచి, మిగతాది వెలిగారం నీళ్ళలో వేసి తుడిచాను. మసి కింద అమ్మ ఉంది. కుర్చీ, పమిట, ముక్కుపుడకతో సహా ఉంది. కాని రంగు లేదు. బోర్డు పెట్టిన మహానుభావుడి దగ్గర రంగు మందే లేదు, మామూలు నలుపు తెలుపు మందులో ముంచి తీశాడు.

ఇంతే దక్కిందనుకోమన్నాడు బావ. నాకు పట్టుదల వచ్చింది. ఫిల్ములో బొమ్మగా మారిన వెండీ, రంగు పుట్టించే పదార్థమూ ఆ పొరల్లోనే ఉన్నాయి కదా. ఆ వెండిని మళ్ళీ మొదటి స్థితికి తెచ్చి, వెలుతురు చూపించి, ఈసారి రంగు మందులో వేస్తే? కాలేజీ లాబులో కొంచెం ముక్కతో చేసి చూశాను. పనిచేసింది. ఆదివారం పట్టపగలు, మా పెరట్లో, మిగిలినదంతా అలాగే కడిగాను. ఎండ తగిలి చచ్చిందన్న ఫిల్ముని ఎండలోనే బతికించాను. నెగెటివులో అన్నీ తారుమారు కాబట్టి అమ్మ ముఖం తెల్లగా కనిపించింది. స్టూడియో ఆయన కోరుకున్న తెలుపు అమ్మకి అక్కడ మాత్రమే దక్కింది.

బావ మద్రాసులో పెద్ద ప్రింటు వేయించి తెచ్చాడు. బచ్చలిపండు రంగు కాస్త వెలిసినట్టుంది గాని, అమ్మ అమ్మలాగే ఉంది. ఫ్రేము కట్టించాను. పెళ్ళిళ్ళ రోజులు వచ్చి స్టూడియో కిటకిటలాడే దాకా ఆగాను. కావాలనే ఆగాను.

ఫ్రేము బల్ల మీద పెట్టగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"అబ్బ! ఏం రంగులండీ! మద్రాసులో తీయించారా?"

"లేదండి. రేపల్లెలో నేనే తీశాను. ఎండ తగిలిందన్నారు మీరు."

ఆయనకి గుర్తురావడానికి కాస్త టైము పట్టింది. ఈలోగా సంచిలోంచి దాచిన ముక్క, దూది, వెలిగారం నీళ్ళ సీసా తీశాను. అందరూ చూస్తుండగా నానబెట్టి తుడిచాను. బొమ్మ బయటపడింది. నా వేళ్ళు ఆయన ముఖం ముందు పెట్టాను.

"ఆ రోజు మీ వేళ్ళు కూడా ఇలాగే ఉన్నాయండి. ఎండకి మసి ఉంటుందా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన ఆ ముక్కని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కొత్త సరుకమ్మా, తెలియలేదు. తప్పైపోయింది, క్షమించండి" అన్నాడు.

"తెలియకపోవడం తప్పు కాదండి. నన్ను క్షమించమనడం కూడా అనవసరం. చెప్పాల్సిన మాట ఆవిడకి చెప్పండి. ఆ నలుపు మీది కాదు, ఫిల్ముది అని చెప్పండి."

ఎందుకలా అడుగుతున్నానో ఆయనకి అర్థం కాలేదు. నేనూ చెప్పలేదు. తన నలుపు ఫిల్ముకి అంటుకుందేమోనని అమ్మ అన్న మాట వినే అర్హత ఆయనకి లేదు. ఆయన చేతులు కట్టుకుని, ఫ్రేము వైపు తిరిగి, "ఆ నలుపు మీది కాదమ్మా, ఫిల్ముది" అన్నాడు.

ఆ తర్వాత తెనాలిలో రంగు ఫిల్ము ఎవరు తెచ్చినా నేనే కడిగిపెట్టాను. పైసా తీసుకోలేదు. నాది పెద్ద మనసని వీధిలో అనుకున్నారు. ఆ స్టూడియోలో మనుషులు పలచబడటం రోజూ స్టేషనుకి వెళ్తూ చూసుకునేదాన్ని. ఒకరోజు తలుపులకి తాళం చూశాను. ఆ రోజు బాపట్ల దాకా రైల్లో నిలబడే వెళ్ళాను, అయినా కాళ్ళు నొప్పి పుట్టలేదు.

కసి అయితే తీరింది. కాని ఆయన ఆ మాట అన్నప్పుడు షాపు నిండా ఉన్న జనం విన్నారు, నేను విన్నాను. అమ్మే వినలేదు.