ఇంజన్ ఆపే ముందు ఒక్క నిమిషం

నా చెవుల మీద ఒట్టేసి చెబుతున్నాను... ఇది జరిగింది. ఇంకెవరైనా చెవుల మీద ఒట్టేస్తే నవ్వుకోండి. నేను వేస్తే మాత్రం నవ్వకండి. నాకు కూడు పెట్టేవి ఈ రెండు చెవులే.

నేను సినిమాలకు సౌండ్ ఎఫెక్ట్స్ చేస్తాను. తెర మీద హీరో నడుస్తుంటే మీకు వినిపించే అడుగులు హీరోవి కావు... నావి. చీకటి గదిలో మైకు ముందు నిలబడి, ట్రేలో కంకరో ఇసుకో పోసుకుని, తెర మీద మనిషి ఎలా నడిస్తే అలా నడుస్తాను. అందుకే నా కారు డిక్కీలో ఎప్పుడూ ఒక సంచీ నిండా పాత చెప్పులు, బూట్లు ఉంటాయి. చెక్‌పోస్ట్ దగ్గర ఒక పోలీసాయన డిక్కీ తెరిపించి, గుళ్ల ముందు చెప్పులు ఎత్తుకుపోయేవాడిని దొరకబట్టానని సంబరపడ్డాడు.

ఆ కారు నా మొదటి కారు. టర్బో పెట్రోలు... ఇంజన్‌లోకి గాలి ఎక్కించి బలం పెంచే చక్రం ఉంటుంది, అదే టర్బో. కొన్నాక గానీ తెలియలేదు, నేను కారు కొనలేదు, ఒక చంటిపిల్లను తెచ్చుకున్నానని. పొద్దున్నే స్టార్ట్ చేయగానే తొక్కకూడదు. ఆయిల్ విషయంలో అశ్రద్ధ పనికిరాదు. అన్నిటికంటే ముఖ్యం... గట్టిగా తోలి వచ్చి టక్కున ఆపకూడదు. టర్బో కాగిపోయి ఉంటుంది కదా, ఒక్క నిమిషం ఇంజన్‌ను అలాగే వదిలేసి, చల్లబడ్డాక ఆపాలి. ఇప్పటి కార్లకు అంత అక్కర్లేదని షోరూములో చెప్పారు. నేను వింటేగా! ఫిల్మ్ నగర్ ఎత్తు ఎక్కి మా సందులో ఇంటి ముందు నిలిపిన ప్రతిసారీ ఆ నిమిషం కూర్చోవాల్సిందే. అద్దం కాస్త దించుకుని, ఇంజన్ చప్పుడు వింటూ.

నా భార్య స్వప్నది ఎర్రగడ్డ. పై నుంచి, బాల్కనీలోంచి అరిచేది.

"ఏంది, ఇంకా దిగవా? కారుకు జోల పాడుతున్నవా?"

"టర్బో చల్లబడాలే!"

"ఈడ కూర గూడ సల్లబడుతున్నది. జర దాని ఫికర్ గూడ చెయ్యి."

అలా సరదాగానే ఉండేది... ఆ సన్నని కూత మొదలయ్యేదాకా.

సుయ్‌య్‌య్... అని. చాలా సన్నగా. గట్టిగా తొక్కినప్పుడు టర్బో ఈల వేస్తుంది, అది నాకు తెలుసు. కానీ ఇది కారు ఊరికే నిలబడి ఉన్నా వినిపించేది. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. అక్కడి మనిషి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని జూబ్లీహిల్స్ అంతా తిప్పాడు. బానెట్ ఎత్తి చెవి పెట్టాడు. "ఏ సౌండూ లేదు సార్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. సౌండ్ గురించి నాకు చెబుతాడా అని.

ఆ వారంలోనే స్టూడియోలో మా రికార్డింగ్ ఇంజనీరు ఉన్నట్టుండి టేక్ ఆపేశాడు. "అన్నా, ఏసీ హమ్ వస్తోంది, వినబడుతోందా?" అన్నాడు.

నాకు వినబడలేదు. "ఆఁ... వస్తోంది, వస్తోంది" అన్నాను. గబగబా. కొంచెం గట్టిగా కూడా. ఆ మాట నా నోట్లోంచి వచ్చిన తీరు నాకే నచ్చలేదు.

లేని కూత వినిపిస్తోంది. ఉన్న హమ్ వినిపించడం లేదు. అంటే ఏమిటో నాకు అర్థమైంది, కానీ అర్థం కానట్టే తిరిగాను. చెవుల డాక్టరు బోర్డు కనిపిస్తే తల పక్కకు తిప్పుకునేవాణ్ణి. ఈ పని పోతే నాకు ఇంకో పని రాదు. భయం వేసింది, అంతే.

ఇక ఆ రాత్రి...

ఆ సాయంత్రమంతా ఒకే షాట్. ఒక ముసలాయన పాత్ర. ఎడమ కాలు ఈడుస్తూ కంకర దారిలో నడిచి వచ్చి, ఒక తలుపు ముందు ఆగుతాడు. సంచీలోంచి తెగిపోవడానికి సిద్ధంగా ఉన్న తోలు చెప్పులు తీసి వేసుకున్నాను. టక్... స్స్స్. టక్... స్స్స్. నడక మొదటి టేక్‌కే కుదిరింది. ఆగడం మాత్రం కుదరలేదు. ఎన్నిసార్లు చేసినా డైరెక్టరు తల అడ్డంగా ఊపాడు.

"నడక బ్రహ్మాండంగా ఉందండీ మూర్తిగారూ. కానీ మీరు ఆగుతున్నారు, ఆయన ఆగట్లేదు. లోపల ఉన్నది ఎవరో తెలిసిన మనిషి ఎలా ఆగుతాడు? అలా కావాలి."

రేపు చూద్దామన్నారు. చెప్పులు సంచీలో వేసి, జిప్పు లాగి, డిక్కీలో పడేశాను. విసుగంతా యాక్సిలేటర్ మీద చూపించాను. రోడ్లు ఖాళీ. ఎత్తు మీద టర్బో అందుకుని కారు ఒక్కసారి ముందుకు దూకుతుంది చూడండి... ఆ రాత్రి అదీ సంతోషం ఇవ్వలేదు.

మా సందులోకి తిరిగాను. పక్క ప్లాటులో ఇల్లు కడుతున్నారు. కంకర సగం రోడ్డు దాకా పరుచుకుని ఉంది. దాని పక్కనే ఆపాను. లైట్లు తీసేశాను. ఇంజన్ నడుస్తోంది. అద్దం దించాను. నా నిమిషం మొదలైంది.

అప్పుడు... వెనక నుంచి...

టక్.

స్స్స్.

నేను కదల్లేదు. స్టూడియోలో రోజంతా విన్నది బుర్రలో తిరుగుతుంటుంది, మాకు అది మామూలే. అలాగే అనుకున్నాను.

టక్... స్స్స్.

లేదు. బుర్రలోది కాదు. దానికి దూరం ఉంది. ముందు డిక్కీ వెనక. తర్వాత వెనక తలుపు పక్కన. కంకర మీద బరువు పడి, రాళ్లు ఒకదాని మీద ఒకటి జారుతున్నాయి. చెప్పు పట్టీ వదులుగా ఉంది... చిన్నగా చప్ మంటోంది. ఆ పట్టీ నాకు తెలుసు.

వెనక చూపించే అద్దంలో చూశాను. రోడ్డు. కంకర. వీధి దీపం. మనిషి లేడు.

టక్... స్స్స్.

నా తలుపు పక్కకు వచ్చింది. దించిన అద్దానికి ఇవతల నా చెవి. నేను తల తిప్పలేదు. ఎందుకు తిప్పలేదంటే... తిప్పితే ఏమీ కనిపించదని నాకు ముందే తెలిసిపోయింది. అదే ఎక్కువ భయం.

అప్పుడు ఆగింది.

ఎలా ఆగిందో చెప్పనివ్వండి. కుడి పాదం ఆనింది. ఎడమ పాదం రావాలి... రాలేదు. సగంలో నిలిచిపోయింది. ఒక రాయి మాత్రం మెల్లగా దొర్లి, ఆగిపోయింది. సాయంత్రమంతా నేను వెతికింది అదే. లోపల ఎవరున్నారో తెలిసి ఆగడం. లోపల ఉన్నది నేను.

చటుక్కున బటన్ నొక్కి ఇంజన్ ఆపేశాను. కొన్నాక నిమిషం నిండకుండా ఆపడం అదే మొదటిసారి. ఎక్కడా చప్పుడు లేదు. ఆ సుయ్‌మనే కూత తప్ప... ఇంజన్ ఆగినా అది ఆగలేదు. కారుది కాదన్నమాట.

ఎప్పటికోగాని దిగలేకపోయాను. డిక్కీ తెరిచాను. సంచీ జిప్పు వేసే ఉంది. చెప్పులు లోపలే ఉన్నాయి. అడుగున కంకర పొడి అంటుకుని ఉంది. ట్రేలోదే అయ్యుంటుంది. అయ్యుండాలి.

మర్నాడు ఆ ఆగడాన్ని, నేను విన్నట్టే చేశాను. ఒక్క టేక్. డైరెక్టరు కుర్చీలోంచి లేచాడు. "ఇదండీ! రాత్రికి రాత్రి ఎక్కడ పట్టారు?" అన్నాడు. నవ్వాను.

స్వప్నకు మాత్రం మొత్తం చెప్పాను. చెవి సంగతి కూడా. వేళాకోళం చేస్తుందనుకున్నాను. చేయలేదు.

"పొద్దున లేస్తే చెవులే అంటవ్, చెవికే సూపించుకోవా? డాక్టర్ దగ్గరికి పోదాం పా."

"నాకు భయంగా ఉంది స్వప్నా. అక్కడ నిజంగా ఎవరైనా ఉండి ఉంటే బాగుండనిపిస్తోంది. దయ్యమైనా సరే."

ఆమె నా మొహం చూసింది. "గట్లనా? అయితే నేనొస్త. నీ పక్కన కూసుంట. వినిపిస్తే నాకూ వినిపియ్యాలె గదా."

అలా రోజూ ఆ నిమిషం ఇద్దరం కూర్చోవడం మొదలుపెట్టాం. తను కిందికి దిగి వచ్చి, పక్క సీట్లో కూర్చునేది. ఏమీ లేదు. ఒక కుక్క, ఒక బైకు, అంతే. తను ఆవలించేది. నాకు సిగ్గేసేది. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు కూడా ఖాయం చేసేసింది.

దానికి ముందు రాత్రి. అదే చోటు. ఇంజన్ నడుస్తోంది. అద్దాలు దించి ఉన్నాయి. నేను కళ్లు మూసుకుని వింటున్నాను. ఇంజన్. కూత. ఇంకేమీ లేదు.

స్వప్న నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా.

"ఆగింది" అంది.

"ఏది?"

"గదే... నీ డోర్ కాడ. ఇప్పుడే ఆగింది. నీకు వినిపియ్యలే?"

నాకు వినిపించలేదు. నిజంగా చెబుతున్నాను... ఏమీ వినిపించలేదు.

నేను దిగులు పడకూడదని అబద్ధం చెప్పిందేమో. వినకుండానే విన్నానని చెప్పే గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఆ గొంతు నాదే కాబట్టి. స్వప్న గొంతు అలా లేదనిపించింది. కానీ అనిపించింది ఏ చెవికి? అబద్ధమైతే, ఆ రాత్రి నేను విన్నదంతా నా చెవి జబ్బే. నిజమైతే, అక్కడ ఎవరో వచ్చి నిలబడ్డారు... నా పక్కనే నిలబడినా నాకు వినిపించలేదు.

డాక్టరు పరీక్షలు చేశాడు. చికిత్స నడుస్తోంది. స్వప్నను మళ్లీ అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెబుతుంది, దాన్ని నేను నమ్మాల్సి వస్తుంది.

ఒక్కటి మాత్రం మారింది. ఇప్పుడు ఇద్దరం ఎక్కడికి వెళ్లొచ్చినా, ఇంటి ముందు కారు నిలిపీ నిలపగానే తనే చెయ్యి చాచి బటన్ నొక్కేస్తుంది. టర్బో పాడైపోతుందే అని నేను అనను. దిగేటప్పుడు నా వైపు తలుపు తెరవనివ్వదు. తన వైపు నుంచే దిగమంటుంది. గేరు దాటుకుంటూ, మోకాలు కొట్టుకుంటూ, అటు నుంచే దిగుతున్నాను.