మోకాళ్ల మీద ఇటుక

యాభై దాటాక రోజూ ఇటుక వేడి చేసి, గుడ్డ చుట్టి మోకాళ్ల మీద పెట్టుకుంటున్నాను. హాయిగా ఉంటుంది. కానీ ఆ వెచ్చదనంలో కళ్లు మూసుకోలేను.

ఈ సుఖం నాకు చూపింది చండ్రుగొండ దగ్గర బీడీల తునికాకు ఆరబెట్టే కల్లం కాపలాదారు. అప్పట్లో నేనక్కడ గుమాస్తాను.

"గీ ఎండల గూడ ఇటుకేంది తాతా?" అని నవ్వాను.

"నీకు మోకాళ్లున్నయని నీకింకా తెల్వలే సారూ!"

ఒకరోజు మబ్బు పట్టగానే, "ఆకు మీద పట్టాలు కప్పుదాం సారూ" అన్నాడు. వాన రాదులే, వద్దన్నాను. వాన కురిసి ఆకంతా పాడైంది. కాంట్రాక్టరు నిలదీస్తే, "ముసలాయన ఇటుక పెట్టుకొని నిద్రపోయిండు" అని చెప్పాను.

ముసలాయన నావైపు ఒకసారి చూశాడు.

"అవ్, జర కన్నంటుకుంది" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆయన పని పోయింది.

వాన కురిసినప్పుడు ఆయన నిద్రపోలేదు. తడుస్తూ ఒక్కడే ఆకు కట్టలు మోస్తుంటే, నేను గుడిసెలో నిలబడి చూశాను.