నంబర్ పాంచ్ ఓకే అన్నది నేనే

మా రెజిమెంట్ చరిత్రను పుస్తకంగా వేస్తున్నారట. "ఆయన గురించి ఒక పేజీ మీరే రాయాలి, ఆరోజు పక్కన ఉన్నది మీరే కదా" అని అక్కడి నుంచి ఒక ఆఫీసర్ హిందీలో ఫోన్ చేశాడు. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు గేటు దగ్గర నేను సెక్యూరిటీ చూస్తాను. ధాన్యం లారీలు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి, డ్రైవర్లు హారన్లతో నా ప్రాణం తీస్తున్నారు. "రాస్తా సాబ్" అనేశాను. ఫౌజులో పనిచేసినవాడికి కాదనడం నోటికి రాదు.

మిల్లు హమాలీలకు నేనంటే పరాచికం. "నువ్వు దూకినవ్ సరే, తోపెట్ల దూకుతదే ఫౌజీ?" అంటారు. దూకుతుందిరా నాయనా, మా ఫిరంగికీ పారాచూట్లు ఉంటాయి. విమానంలోంచి ముందు దాన్ని వదిలి, వెనకే మేం దూకుతాం. ఎవడు ఎక్కడ పడ్డా దాని దగ్గరికే ఉరకాలి, నిలబెట్టి గుండు పేల్చాలి. మిగతా పటాలాలకు జెండా ఎట్లాగో మాకు తోపు అట్లా. కొత్తగా వచ్చినవాడి చెయ్యి దాని మీద పెట్టించి ఒట్టు వేయిస్తారు. పాత యుద్ధాల్లో తోపును విడవకుండా దాని పక్కనే ప్రాణం విడిచినవాళ్ల కథలు సాయంత్రంపూట కూర్చోబెట్టి చెప్పేవాళ్లు. నా తర్వాత వచ్చినవాళ్లకు నేనూ చెప్పాను. కాలు నొప్పి పెడితే నొప్పి అని నోరు తెరిచి చెప్పమని ఆ కథల్లో ఒక్కటీ చెప్పలేదు, వాటి నోట్లో మన్నుపడ.

పేజీ రాయమన్నది ఎవరి గురించో, అతనిది దామరచర్ల దగ్గర తండా. నాది పెన్‌పహాడ్ పక్క పల్లె. ఆ తోపు మీద తెలుగు మాట్లాడేవాళ్లం మేమిద్దరమే. కోపమొస్తే తండా భాషలో తిట్టేవాడు, నవ్వొస్తే తెలుగులోకి వచ్చేవాడు. అప్పటికి ఏడాది బిడ్డ తండ్రి.

రెజిమెంట్ పుట్టినరోజుకు ముసలి ఫౌజీలంతా వస్తారు. ఆ ఏడు వాళ్ల కళ్లముందు దూకి, మొదటి గుండు పేల్చే వంతు మా తోపుది. రెండు రోజుల ముందు వాలీబాల్ ఆడుతూ అతను చీలమండ బెణికించుకున్నాడు. పాదం బూరెలా పొంగింది. డాక్టర్‌కు తెలిస్తే పేరు కొట్టేస్తాడు, ఆ చోట్లోకి ఇంకొకడు వస్తాడు.

"నువ్వు కట్టు గట్టు అన్నా. బూటు పడితే సాలు."

"పిచ్చా నీకు? నడువరాదు, ఉరుకుతవా?"

"మన దిక్కోళ్లం ఇద్దరమే ఉన్నం. ఇజ్జత్ తీస్తవా?"

కట్టాను. నా చేతుల్తోనే, బిగించి కట్టాను. దూకే రోజు పొద్దున డాక్టర్ అందరినీ వరుసలో నిలబెట్టి, ఎవరికైనా బాగాలేదా అని అడిగాడు. అతను ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. నేను ఎదురుగోడకేసి చూశాను.

విమానంలో ముందువాడి వీపు మీది పారాచూట్ వెనకవాడు చూడాలి. బాగుంటే భుజం తట్టి తన నంబర్ అరవాలి. వరుసలో అతను నాలుగు, అతని వెనక నేను ఐదు. "నంబర్ పాంచ్, ఓకే!" అని నేను అతని భుజం తట్టాను. "నంబర్ చార్, ఓకే!" అని అతను అరిచాడు. దూకమని పచ్చలైటు వెలిగింది.

కింద గాలి ఉంది. గాలి మాకు కొత్తకాదు. దిగగానే లేచి పారాచూట్ చుట్టూ ఉరికి దాన్ని అణచాలి. అతను ఆ కాలు మీదే దిగాడు, లేవలేకపోయాడు. పారాచూట్ గాలి నింపుకుని అతన్ని ఈడ్చుకుపోయింది. తల రాయికి తగిలింది. మూడోనాడు దవాఖానలో పోయాడు. విచారణ కాగితంలో "గాలి ఎక్కువగా ఉండటం వల్ల" అని రాశారు. చదివి సంతకం పెట్టినవాళ్లలో నేనొకణ్ని.

శవంతో తండాకు నేనే వచ్చాను. అతని భార్య నా చెయ్యి పట్టుకుని, "ముందురోజు ఫోన్ల కొట్లాడిన అన్నా. సెలవుకు రాకుంటే నీ మొఖం సూడనన్న. ఆ రంధిలనే పోయిండు" అంది. అట్లా కాదమ్మా అనడానికి అసలు సంగతి చెప్పాలి. చెప్పలేదు. పద్దెనిమిదేళ్లు చెప్పలేదు. ఇప్పటికీ మిల్లులో పట్టపగలు, మిషన్లన్నీ తిరుగుతుండగా, "నంబర్ చార్, ఓకే" అని నా ముందు నుంచి వినబడుతుంది. వెంటనే చెయ్యి దానంతటదే భుజం కోసం లేస్తుంది. హమాలీలు ఈగను తోలుతున్నాననుకుంటారు. నాకు భయం వేస్తుంది.

పేజీ మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు గాలి దగ్గరే ఆగాను. చివరికి మిల్లులో సెలవు పెట్టి కోదాడ బస్సెక్కాను. అతని భార్య ఇప్పుడు కోదాడలో బట్టలు కుడుతుంది. బిడ్డ సూర్యాపేటలో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. నేరేడుచర్లలో దిగి వెనక్కి పోదామనుకున్నాను. పక్కన ముసలామె బియ్యం మూట నా కాళ్ల మీద పెట్టి నిద్రపోయింది కాబట్టి దిగలేదు.

ఆమె మిషన్ ఆపి మంచినీళ్లిచ్చింది. తాగకుండానే అంతా చెప్పేశాను. కట్టు, డాక్టర్, గోడ.

"నన్ను తిట్టుకున్నడా అన్నా ఆనాడు?" అని ఆమె అడిగింది.

"లేదు చెల్లె. కట్టు కడుతుంటే నవ్విండు. కాలు సంగతి నీకు చెప్పొద్దన్నడు, తెలిస్తే సంపుతదన్నడు. కొట్లాట మాటే ఎత్తలే."

"ఆనాటి సంది ఫోన్ల ఎవ్వరితోని గట్టిగ మాట్లాడలె నేను. నా బిడ్డతోని గూడ. నేనే సంపుకున్న అనుకొని బతికిన. నువ్వు ఏటా వచ్చినవ్, ఇంట్ల అన్నం తిన్నవ్, సూస్కుంట కూసున్నవ్."

ఆమె తలుపు వైపు చెయ్యి చూపింది.

"లే. ఇగ నా ఇంటికి రాకు."

లేచి గడప దాటాను. చెప్పులు వేసుకుంటుండగా లోపల ఆమె ఫోన్ చేస్తున్న చప్పుడు. "బిడ్డా, తిన్నవా? ఇటు ఇను. మీ నాయిన నా మీద కోపంతోని పోలేదంట. కోపంతోని పోలేదే..." అదే మాట మళ్లీ మళ్లీ, గొంతు పెంచి, వీధంతా వినబడేట్టు చెబుతోంది.