బొందలగడ్డ తాళంచెవి

“సరిగ్గా ఇనపడలేదు, ఇంగోసారి అడుగవ్వా అన్యాడప్పా భూపేష్ సారు. మళ్లా అడిగినా. పక్కనే ఆయప్ప పెండ్లాము సెల్లు నా మొగానికే పెట్టి పట్టుకోనుండె. ముసిల్దాన్ని సినిమాలో ఏస్తారేమో అనుకున్యా!”

ప్రేమమ్మ బోసినోటితో నవ్వింది. జయపాల్ నవ్వలేకపోయాడు. మంచం మీద, ఇద్దరి మధ్యా, ఆమె అడిగి తెచ్చిన బొందలగడ్డ గేటు తాళంచెవి ఉంది. పొద్దున వాళ్ల పేటలోని పెద్దన్న చనిపోయాడు. రేపు ఆయన్ని ఆ గడ్డలోనే పూడ్చాలి.

జయపాల్ ఆటో నడుపుతాడు. కర్నూలు పాత స్థలాల సంగతులంటే చెవి కోసుకుంటాడు. కోర్టు వరండాల్లో, ముసలాళ్ల అరుగుల మీద విని విని నేర్చుకున్నాడు. ఓర్వకల్లు రోడ్డులోని ఆ గడ్డ నవాబు కాలంలో ఊరికి వదిలిందంటారు. నవాబు పోయి దొరలొచ్చారు, దొరలు పోయి మున్సిపాలిటీ వచ్చింది. ఎవరొచ్చినా ఆ నేల ఊరిదిగానే దిగుతూ వచ్చింది. ఇప్పుడు ఊళ్లో పెద్ద ఆసామి అయిన భూపేష్ అది తన తాతల పొలమని దావా వేశాడు.

ప్రేమమ్మ బతుకంతా అక్కడే గడిచింది. మొగుడు గుంతలు తవ్వితే ఆమె మట్టి ఎత్తిపోసేది. పురిట్లో పోయిన కూతుర్నీ, తర్వాత ఆ మొగుణ్నీ అదే మట్టిలో దాచుకుంది. కుక్కలు తవ్విపోస్తున్నాయని, గోడ కట్టించమని ఒకప్పుడు భూపేష్‌ని బతిమాలింది కూడా ఆమే. ఆయన గోడ కట్టించాడు, గేటు పెట్టించాడు, తాళంచెవి తన ఇంట్లో ఉంచుకున్నాడు. చర్చిలో ఆయన కోసం ప్రార్థన చేశారు. అప్పట్నుంచీ ఎవరు పోయినా ఆమె వెళ్లి, చెప్పులు బయట విడిచి, మర్యాదగా అడిగి తెచ్చేది.

నిన్న కోర్టులో భూపేష్ వకీలు అడిగిందీ ఆ ఒక్కటే.

“పూడ్చే ముందు ఎవర్ని అడుగుతారమ్మా?”

“సార్నే.”

“ఇవ్వనంటే?”

“ఆయప్ప శానా మంచోడు, యాల ఇయ్యడు?”

వకీలు నవ్వుకుంటూ కూర్చున్నాడు. ఇంకేమీ అడగలేదు. జయపాల్‌కి అప్పుడే సంగతి అర్థమైంది.

“అవ్వా, మనదైతే యాల అడుగుతాం? నువ్వు అడిగినప్పుడల్లా అది ఆయప్పదైపోతా వచ్చినాది. నువ్వు అడిగేది సెల్లులో పట్టుకున్యాదీ కోర్టులో సూపిచ్చనీకే.”

ఆమె నవ్వు ఆగిపోయింది. రోడ్డవతల, గోడకు ఆనుకుని జేసీబీ నిలబడి ఉంది. మొన్నట్నుంచీ కదలడం లేదు. దాని డ్రైవరు దాని నీడలోనే వండుకు తింటున్నాడు, పిలుపు కోసం ఎదురుచూస్తున్నవాడిలా.

“నా బిడ్డ మీద అది ఎక్కుతాదా?”



ప్రేమమ్మ తాళంచెవిని నిప్పుకణికలా కొంగుతో పట్టి తీసి అతని చేతిలో పెట్టింది.

“పో నాయనా. దీన్ని ఆయప్ప అరుగు మీద పెట్టి, మాకు అక్కర్లేదని చెప్పు. చెప్పు అంతే, ఏమీ అడగొద్దు. వచ్చేటప్పుడు గుంతలు తవ్వే చిన్న ఈరన్న కాడ గడ్డపార తీసుకోని రా. గోడ పగలగొట్టి తీసుకపోదాం పెద్దన్నను.”