గట్టు మీద నీడ

తను అతికిన బొమ్మలో అతుకెక్కడుందో చూపించమని సవాలు చేయడం అతనికి మహా సరదా. పొలంలో మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి, కెమెరాను ఎడమ నుంచి కుడికి కొద్దికొద్దిగా తిప్పుతూ తొమ్మిది ఫొటోలు తీసేవాడు. తను పనిచేసే స్టూడియో వెనకగదిలో కంప్యూటరు ముందు కూర్చుని వాటిని ఒకే బారు బొమ్మగా కలిపేవాడు. కదిలే మనుషులంటే మాత్రం ఒళ్లుమంట. మనిషి నడిచాడంటే రెండు ఫొటోల్లోనూ పడి, బొమ్మలో కవలలవుతాడు. అలాంటివాళ్లను మొహమాటం లేకుండా చెరిపేసేవాడు. పని కాగానే అసలు ఫొటోలన్నీ పారేసేవాడు. వండినవాడు తొక్కలు చూపిస్తాడా అనేవాడు. దాన్ని పనితనం అనుకున్నాడు గానీ, అందులో సగం పొగరే.

ఆ పొగరుకు సూది గుచ్చేవాడు ఒక్కడే, అక్క మొగుడు. మా బామ్మర్ది చిరిగిన పొలాలు కుట్టే దర్జీ అని నలుగురిలో నవ్వించేవాడు. ఇతను పైకి నవ్వి లోపల ఉడికిపోయేవాడు.

ఒక విత్తనాల కంపెనీ తమ ఆఫీసు గోడకు పన్నెండడుగుల పొలం బొమ్మ కావాలంది. అతను బావ పొలానికే వెళ్లాడు. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతోంది. కెమెరా ఎటు తిరిగితే అటల్లా బావ నడిచాడు. భుజాల మీద అడ్డంగా కర్ర, దాని మీదుగా వేలాడేసిన రెండు చేతులు, చెవులదాకా నవ్వు.

"మూడు చోట్ల పడ్డాను రా. నీ బొమ్మలో నాదే రాజ్యం" అన్నాడు.

ఒక్కచోట ఉంచితే పోయేదేమీ లేదు. అతను కక్షగట్టి మూడు చోట్లా చెరిపాడు. అసలు ఫొటోలు పారేసి, కంప్యూటరులో చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. ఆ పూట తృప్తిగా భోంచేశాడు.

మూడు వారాలు తిరక్కుండా బావ జ్వరంతో పోయాడు. ఆయనకు ఫొటో అంటూ ఉన్నది గుర్తింపు కార్డు మీదే. అందులో దొంగతనం చేస్తూ పట్టుబడ్డవాడిలా ఉంటాడు. అక్క తిన్నగా స్టూడియోకు వచ్చింది.

"మూడు చోట్లున్నానని పోయేదాకా చెప్పుకున్నాడు రా. నవ్వేది ఒక్కటి తీసివ్వు."

అతను చెరిపేశానని చెప్పలేక, మర్నాడు అచ్చుకు వెళ్లాల్సిన బొమ్మను తెరిచాడు. అక్క తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా జరిగి ఎడమ నుంచి కుడికి వెతికింది. లేడని తెలిసి కూడా అతను బొమ్మను మెల్లగా జరుపుతూ వెతకనిచ్చాడు. మళ్లీ మొదటినుంచి వెతికింది. మూడోసారి ఆమె వేలు ఆగింది.

గట్టు మీద ఒక నీడ. అడ్డకర్ర, వేలాడే చేతులు. బావ నాలుగో ఫొటోలో పడితే, నీడ ఐదో దాంట్లో పడింది. మనిషిని చెరిపినవాడు నీడను మరిచాడు.

"ఇదుగో ఆయన. మనిషేడి రా?"

సరిగ్గా అప్పుడే స్టూడియో యజమాని వచ్చి వెనక నిలబడ్డాడు. మనిషి లేకుండా నీడేమిటని అడిగాడు. అతుకు చూపించమని ఊరంతా సవాళ్లు చేశావుగా అని ఎత్తిపొడిచాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. మా బావ నీడండీ, ఒక్క కాపీ తీసుకుని చెరుపుతాను అంటే సరిపోయేది. యజమాని అంత కఠినుడేమీ కాదు.

"మరకండీ" అన్నాడు.

బొమ్మలో పక్కనున్న గడ్డిని తెచ్చి నీడ మీద నాలుగు రుద్దులు రుద్దాడు. అలవాటు చొప్పున సేవ్ నొక్కాడు. అలవాటు చొప్పున ఫైలు మూసి, చెత్తబుట్ట ఖాళీ చేశాడు. యజమాని తలాడించి వెళ్లిపోయాడు.

అప్పుడు గానీ తనేం చేశాడో అతనికి తట్టలేదు. గబగబా ఫైలు మళ్లీ తెరిచాడు. గట్టు నిండా పచ్చటి గడ్డి. అక్క ఏడవలేదు. తెర మీద పడిన తన వేలిముద్రను కొంగుతో శుభ్రంగా తుడిచి లేచింది.

"బాగా చేశావు రా. అతుకెక్కడుందో నాకూ కనపడటం లేదు."